అత్త దగ్గర కూర్చోబోయే ముందు

బెంగళూరు

బుజ్జీ,

నువ్వు సెలవు పెట్టి వస్తున్నావని మీ అమ్మ చెప్పగానే నాకు కొండంత ధైర్యం వచ్చింది. పగలు మీ అమ్మ, రాత్రి నేను ఉంటున్నాం. వార్డులో పేషెంటు దగ్గర ఒక్కరినే ఉండనిస్తారు కాబట్టి, నువ్వొచ్చాక పక్కన కూర్చుని అన్నీ చెప్పే వీలుండదు. అందుకే ముందే రాస్తున్నా.

స్ట్రోక్ వచ్చిన అత్త ఐసీయూ నుంచి వార్డుకి వచ్చేసింది. ప్రాణభయం లేదన్నారు. కుడి కాలు కాస్త కదిలిస్తోంది, కుడి చెయ్యి ఇంకా లేవడం లేదు. మాట పడిపోయింది.

ఆ పొద్దున జరిగింది నీకు ఫోన్లో ముక్కలు ముక్కలుగానే తెలుసు. కాఫీ తాగుతుంటే గ్లాసు చేతిలోంచి జారిపోయింది. మూతి ఒక పక్కకి లాగేసింది. ఏదో చెప్పబోతే ముద్దముద్దగా వచ్చింది. మీ అమ్మ ముందు గోడ గడియారం చూసింది. అది ఎంత మేలు చేసిందో! క్యాజువాలిటీలో డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, ఈమె మామూలుగా ఉండగా చివరిసారి ఎప్పుడు చూశారని. మెదడుకి వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. అది కూడా సీటీ స్కాన్ తీసి, లోపల రక్తస్రావం లేదని చూసుకున్నాకే. నాళం చిట్లి రక్తం కారుతున్నవాళ్లకి అదే మందు ప్రాణం మీదికి తెస్తుంది. వీధి చివరి క్లినిక్‌లో ముందు బీపీ చూపిద్దామని పక్కింటివాళ్లు అన్నారు. మీ అమ్మ ఒప్పుకోలేదు, నేరుగా స్కాన్ ఉన్న పెద్దాసుపత్రికే పదమంది. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం కానీ టైముకే చేరాం. ఇంజెక్షన్ పడింది. పడకపోయుంటే ఈ కాలి కదలిక కూడా ఉండేది కాదేమో.

ఇప్పుడు నీకు అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పాల్సింది చెప్తాను. అత్తకి మాట రావడం లేదు కానీ మనం మాట్లాడేది చాలావరకు అర్థమవుతోంది. దెబ్బ తగిలింది మెదడులో ఎడమ పక్క. అందుకే ఒంట్లో కుడి పక్క పడిపోయింది. ఎక్కువమందికి మాటలకి సంబంధించిన భాగం కూడా ఆ ఎడమ పక్కనే ఉంటుంది కాబట్టి రెండూ ఒకేసారి పోయాయి. డాక్టర్లు దీన్ని అఫేషియా అంటున్నారు. తెలివి పోవడం కాదు, మతిమరుపు కాదు, చెవుడు అసలే కాదు.

మొన్న ఊరి నుంచి చూడ్డానికొచ్చిన ఒకాయన మంచం పక్కనే నిలబడి, "ఇంక ఈమెకేం తెలుస్తుంది లెండి" అన్నాడు. అత్త మొహం గోడవైపు తిప్పేసుకుంది. రాత్రి దాకా ముద్ద ముట్టలేదు. బుజ్జీ, ధర్మవరంలో మగ్గాల లెక్కలన్నీ పుస్తకం తెరవకుండా నోటితో చెప్పిన మనిషి మా అక్క. చిక్‌పేట షాపులవాళ్లతో కన్నడంలో బేరమాడి చీరలకి సరైన ధర రాబట్టేది. తాతయ్య పోయాక నన్ను చదివించింది ఆ డబ్బుతోనే. అలాంటి మనిషి ఎదుట ఎవరూ అలా మాట్లాడకూడదు. నువ్వున్నప్పుడు ఎవరైనా మొదలుపెడితే పెద్దవాళ్లని కూడా చూడకు, బయటికి తీసుకెళ్లు. బిల్లుల సంగతి, ఆమెని తర్వాత ఎవరింట్లో ఉంచాలనే సంగతి కారిడార్లోనే మాట్లాడాలి. డాక్టర్ రౌండ్స్‌కి వచ్చి నీతో చెప్పింది మళ్లీ అత్త వైపు తిరిగి చిన్న మాటల్లో చెప్పు.

ఆమెతో మాట్లాడేటప్పుడు టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చో. గట్టిగా అరవక్కర్లేదు. ఒకసారి ఒక్క సంగతే అడిగి, ఆగు. ఆ ఆగడమే కష్టం. మనకి గాభరా, మనమే మాట అందించేస్తాం. "అవును" అనబోయి "కాదు" అనేస్తోంది, తన నోట వచ్చిందేమిటో తెలిసి కోపం తెచ్చుకుంటోంది. అందుకని దుప్పటా, నీళ్లా అని అడక్కుండా రెండూ చూపించు, ఎడమ చేత్తో తాకుతుంది. వింతేమిటంటే, నేను "ఒకటి, రెండు" అని ఎత్తుకుంటే పది దాకా చెప్పేస్తోంది. పొద్దున చదువుకునే శ్లోకం సగం దాకా వస్తోంది. తన పేరు మాత్రం చెప్పలేకపోతోంది. ఇలా అలవాటైన వరసలు ముందు తిరిగి రావడం చాలామందిలో ఉంటుందట.

స్పీచ్ థెరపిస్ట్ వచ్చే టైములో నువ్వు తప్పకుండా ఉండాలి. ఆ అమ్మాయికి తెలుగు రాదు. ఇంట్లో మాట్లాడే భాషలోనే మొదలుపెట్టడం మంచిదని, బొమ్మలు తను చూపించి ప్రశ్న మనచేత అడిగిస్తోంది. సిస్టర్లు ఎక్కువమంది కేరళవాళ్లు, మంచివాళ్లు. "అజ్జీ, ఊట ఆయ్తా?" (అవ్వా, భోజనమైందా?) అని వచ్చీరాని కన్నడంలో పలకరిస్తే అత్త నవ్వుతుంది కూడా. కానీ నొప్పెక్కడో వాళ్లకి చెప్పాలంటే మనం పక్కన ఉండాల్సిందే.

తిండి విషయంలో చాలా జాగ్రత్త. ముక్కు గొట్టం తీసేశారు, చిక్కటి రాగి జావ, మెత్తటి అన్నం పెట్టొచ్చన్నారు. పల్చటి నీళ్లే ఎక్కువ ప్రమాదం. మింగడం సరిగా లేనివాళ్లకి అవి ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది. ఒక్కోసారి దగ్గు కూడా రాదు, మనకి తెలియదు. కొబ్బరి నీళ్లు పట్టుకొచ్చి ఒక్క గుక్క తాగిద్దామనే చుట్టాలని నువ్వే ఆపాలి. పెట్టేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టు, తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టకు, కుడి బుగ్గలో మెతుకులు మిగిలాయేమో చూడు. పసరు మందు వాడమని ఫోన్లు వస్తూనే ఉన్నాయి. రక్తం పల్చబడే మందులు నడుస్తున్నాయి, డాక్టర్‌ని అడగందే ఏదీ ఇవ్వకూడదని చెప్పెయ్.

లేపేటప్పుడు కుడి చెయ్యి పట్టుకుని లాగకు, భుజం జారిపోతుంది. కింద దిండు పెట్టి ఉంచు. 2 గంటలకోసారి పక్కకి తిప్పాలి, పుండ్లు పడకుండా.

ఉన్నట్టుండి ఏడుస్తుంది. నీ మాట ఏదో తగిలిందనుకోకు. స్ట్రోక్ తర్వాత ఏడుపు అదుపులో ఉండకపోవడం ఉంటుంది. నిజంగా దిగులు పట్టుకోవడం కూడా ఉంది, ముగ్గురిలో ఒకరికి దాకా వస్తుందన్నారు. అన్నం వద్దని, ఫిజియోథెరపీకి కళ్లు మూసుకుని పడుకుంటే ఆ రోజే డాక్టర్‌కి చెప్పు, దానికీ మందుంది.

మొదటి మూడు నెలల్లో ఎక్కువ బాగుపడుతుందని, ఆ తర్వాత కూడా నెమ్మదిగా వస్తూనే ఉంటుందని అంటున్నారు. డిశ్చార్జ్ అయ్యాక మాట కోసం ఇక్కడి మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో చూపిద్దామనుకుంటున్నాను. మైసూరులో వాక్ శ్రవణ సంస్థ కూడా ఉంది, రానుపోను దూరమనే ఆలోచిస్తున్నా. నువ్వొచ్చాక మాట్లాడదాం, అత్తని కూడా అడుగుదాం.

వచ్చేటప్పుడు ముందు గుండీలున్న కాటన్ నైటీలు తీసుకురా. తొడిగేటప్పుడు ముందు కుడి చెయ్యి, విప్పేటప్పుడు ముందు ఎడమ చెయ్యి. నీ ఫోన్లో ఉన్న మనవాళ్ల ఫోటోలు పెద్ద సైజులో ప్రింట్ తీయించు, ఒక్కో ఫోటోలో ఒక్కరే ఉండేలా. థెరపిస్ట్ అడిగింది.

మీ నాన్న