బుక్‌స్టోర్ అనే మాట గురించి

సంపాదకులకు నమస్కారం.

పుస్తకాలు అమ్మే చోటును ఈమధ్య మీ పత్రికలోనూ ‘బుక్‌స్టోర్’ అని రాస్తున్నారు. ఆ మాటతో నాకు పేచీ లేదు గానీ, దాన్ని కొన్ని అనువాదాల్లో ‘పుస్తక భాండాగారం’ చేయడం, కొనడానికి వెళ్లిన మనిషిని గ్రంథాలయంలోకి పంపినట్లుగా ఉంది. బుక్‌స్టోర్ అనేది ప్రధానంగా అమెరికా ఇంగ్లీషు వాడుక. బ్రిటన్‌లో బుక్‌షాప్ అనడమే ఎక్కువ. ‘స్టోర్’ అనే మాటకు స్టోర్‌రూమ్‌లో వినిపించే నిల్వ అనే అర్థం పాతది, అంగడి అనే అర్థం తర్వాత వచ్చి చేరింది కనుక, నిఘంటువులో మొదటి అర్థం చూసి ఆగిపోయినవారు పొరబడడం సహజమే. ఫ్రెంచిలో చిక్కు ఇంకో రకం: అక్కడ ఇంగ్లీషు ‘లైబ్రరీ’లా వినిపించే ‘లిబ్రేరి’ అంటే పుస్తకాల దుకాణం, గ్రంథాలయం ‘బిబ్లియోతెక్’.

మన ‘పుస్తకాల షాపు’ మాత్రం రెండు పనులు చేస్తుంది. తెలుగులో అచ్చయినదీ పుస్తకమే, రాసుకునే తెల్లకాగితాలదీ పుస్తకమే. అందుకే “పుస్తకాల షాపుకు వెళ్లొస్తాను” అన్న పిల్లవాడు నవలతో రావచ్చు, రూళ్ల నోటుబుక్కుతోనూ పెన్ను రీఫిల్‌తోనూ రావచ్చు. బుక్ డిపో అన్నప్పుడు పాఠ్యపుస్తకాలు, బుక్ స్టాల్ అన్నప్పుడు ప్రయాణంలో నిలబడి తిరగేసే వారపత్రికలు గుర్తొస్తాయి. బోర్డుల మీద కనిపించే ‘పుస్తక విక్రయశాల’ను నోటితో పలికినవారిని నేను చూడలేదు.

కాబట్టి మీ అనువాదకులు ‘పుస్తకాల దుకాణం’ అనో, సందర్భాన్నిబట్టి బుక్‌స్టోర్ అనో రాయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు