పిగిలిపిట్ట గూటికి నాలుగు వారాల గడువివ్వండి

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలయ్యే రోజుల్లో ఏటా ఒకే రకం ఫోటో పత్రికల జిల్లా పేజీల్లో కనబడుతుంది. పెరట్లో దొరికిన పిట్టపిల్లల్ని అట్టపెట్టెలో దూది పరిచి పడుకోబెట్టి, ఇంటివాళ్లు పాలలో నానిన అన్నం మెతుకులు నోట్లో పెడుతుంటారు. కింద ‘మూగజీవాలపై మమకారం’ అనో మరోటో శీర్షిక ఉంటుంది. ఆ పిల్లలు చాలాసార్లు పిగిలిపిట్టవే. పాలు, మెతుకులు, దూది, మూడూ వాటికి చేటు చేసేవే. మమకారాన్ని తప్పుపట్టడం లేదు. ఈ పిట్ట సంసారం ఎలా సాగుతుందో తెలిస్తే అదే మమకారం ఇంకో దారిలో పనికొస్తుందని ఈ ఉత్తరం.

నల్లని తల, నెత్తిన చిన్న జుట్టు, ఒంటి మీద పొలుసుల్లాంటి గోధుమరంగు చారలు, ఎగిరినప్పుడు నడుము మీద తెల్లమచ్చ, తోక మొదట్లో కిందివైపు ఎర్రటి ముద్ర. బుల్‌బుల్ అని ఇప్పటి పిల్లలు పిలిచేది దీన్నే. ఆడదీ మగదీ చూపుకు ఒకేలా ఉంటాయి. మన దగ్గర ఇంచుమించు ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా గూళ్లు కడుతూనే ఉంటాయి. ఒక విడత పిల్లలు ఎగిరిపోయాక, లేదా గూడు పాడయ్యాక, మళ్లీ కొత్త గూడు మొదలుపెడతాయి. సాధారణంగా పాత గూట్లో గుడ్లు పెట్టవు.

గూడు మూడు నుంచి తొమ్మిది అడుగుల ఎత్తులో, అంటే సరిగ్గా మన కత్తెర అందే చోట ఉంటుంది. నిమ్మ, దానిమ్మ, కరివేపాకు, మల్లె పందిరి, రాధామనోహరం తీగ, కాగితం పూల పొద, చివరికి వరండాలో వేలాడే కుండీ, ట్యూబులైటు పట్టీ, కర్టెన్ కడ్డీ కూడా దానికి చాలు. మనుషులు తిరిగే చోటే అయినా బెదరకుండా ఇంటి గుమ్మం దాకా వస్తుంది. గూడు చిన్న గిన్నె అంత ఉంటుంది. సన్నని పుల్లలు, గడ్డి, నారవేళ్లు చుట్టి, సాలెపట్టుతో అతికిస్తుంది. పెరట్లో సాలెగూళ్లన్నీ చీపురుతో దులిపేసేవాళ్లకు ఈ సంగతి తెలియాలి, పిట్టకు అది జిగురు. ఈమధ్య గూళ్లలో ఎరువుల సంచి నైలాను పోగులు, ప్లాస్టిక్ దారాలు కూడా కనిపిస్తున్నాయి. అవి పిల్లల కాళ్లకు చుట్టుకుని, కాలు పెరిగేకొద్దీ బిగుసుకుపోతాయి. ఎగరాల్సిన రోజున పిల్ల గూటికే వేలాడి చస్తుంది. సంచి విప్పిన పోగుల్ని పెరట్లో వదిలెయ్యకుండా ఉంటే ఆ ఒక్క చావూ తప్పుతుంది.

గూడు పూర్తి కావడానికి నాలుగైదు రోజుల నుంచి వారం పడుతుంది. తర్వాత రోజుకొకటి చొప్పున రెండు మూడు గుడ్లు పెడుతుంది. లేత గులాబీ ఛాయ మీద ఎర్రటి, ఊదా చుక్కలుంటాయి. లావుపాటి కొస వైపు చుక్కలు చిక్కగా ఉంటాయి. పొడవు రెండు సెంటీమీటర్ల పైచిలుకు. చాలామంది ఇక్కడే పొరబడతారు. మొదటి గుడ్డు పెట్టాక పిట్ట రోజంతా గూట్లో కూర్చోదు. అన్నీ పెట్టడం పూర్తయ్యే దాకా పొదగడం గట్టిగా మొదలవదు. అన్నీ పెట్టాకే మొదలుపెడుతుంది కాబట్టి పిల్లలు ఇంచుమించు ఒకేసారి బయటికొస్తాయి. అది తెలియక, ‘తల్లి వదిలేసి పోయింది’ అని గుడ్లు తీసి ఇంట్లో బల్బు కింద పెట్టేవాళ్లున్నారు. పొదిగే రోజుల్లోనూ మేత కోసం కాసేపు లేచి వెళ్తుంది. ఒక పగలంతా దూరం నుంచి చూసినా ఏ పిట్టా గూటికి రాకపోతే అప్పుడు అనుమానపడొచ్చు, అప్పుడు కూడా ఇంకో రోజు ఆగండి.

గుడ్లన్నీ పెట్టాక పొదగడానికి రెండు వారాలు, పిల్లలు గూడు దిగడానికి ఇంచుమించు పన్నెండు రోజులు. మొదటి గుడ్డు కనిపించిన రోజు నుంచి లెక్కేసుకుంటే నాలుగు వారాలు. కొమ్మల కత్తిరింపుకు, సున్నాలకు, పందిరి విప్పడానికి ఆ నాలుగు వారాల గడువే మేము అడిగేది.

పిల్ల వయసు చూసి చెప్పడం కష్టం కాదు. పుట్టినప్పుడు ఒంటి మీద నూగు కూడా ఉండదు, కళ్లు మూసుకుని ఉంటాయి. నాలుగైదు రోజులకు కళ్లు విచ్చుకుంటాయి, రెక్కల అంచున నల్లటి ముళ్లలాంటివి లేస్తాయి. వారం దాటాక ఆ ముళ్లు చిట్లి ఈకలు బయటపడతాయి. తొమ్మిదో రోజు నుంచి మాత్రం గూటి దగ్గరికి అసలు పోవద్దు. అప్పటికి పిల్లలకు భయం తెలుస్తుంది కానీ ఎగరడం రాదు. ఆకు కదిలిస్తే చాలు, అన్నీ ఒక్కసారి కిందికి దూకుతాయి. తిరిగి పెట్టినా నిలవవు. ఎప్పుడైనా అలా జరిగితే, పిల్లల్ని గూట్లో పెట్టి రెండు మూడు నిమిషాలు పైన అరచెయ్యి గిన్నెలా మూసి ఉంచి, సద్దుమణిగాక మెల్లగా తీసెయ్యాలి.

ఫోటోల సరదా గురించి కూడా ఒక మాట చెప్పాలి. గూటి మీద వంగిన ఆకు దానికి పైకప్పు. ఆ ఆకును పక్కకు వంచి, తీగ తెంపి ఫోటో తీస్తే మే ఎండ నేరుగా గుడ్ల మీద పడుతుంది. కాసేపట్లోనే లోపలి పిండం చచ్చిపోతుంది. పిట్ట రెక్కలు విప్పి గొడుగులా నిలబడుతుంది కానీ ఎంతసేపని నిలబడగలదు? పైగా మనం చేసిన ఆ సందు కాకికీ జెముడుకాకికీ దారి చూపిస్తుంది. గుడ్లకూ పిల్లలకూ వాటితో పాటు తొండ, ఉడుత, జెర్రిపోతు, పిల్లి, చీమలు అన్నీ శత్రువులే. చాలా గూళ్లు మన చెయ్యి పడకుండానే పాడవుతాయి, అందుకే అది మళ్లీ మళ్లీ కడుతుంది. జెర్రిపోతును కొట్టాల్సిన పని లేదు, అది కూడా తన తిండి తింటోంది. పిల్లి సంగతి వేరు, దాన్ని తెచ్చి పెంచేది మనం. పిల్లలు గూడు దిగే వారం రోజులు పెంపుడు పిల్లిని ఇంట్లో ఉంచాలి. గూడు విడి చెట్టు మీద ఉంటే, గూటికి కింద మానుకు వెడల్పాటి నున్నటి రేకు చుడితే పిల్లికి ఎక్కడం కష్టం. వేలాడే కుండీకి చీమలు పట్టకుండా, కుండీని వేలాడదీసిన తీగకు పైభాగంలో కాస్త గ్రీజు పూస్తే సరిపోతుంది. గూటికి దగ్గర్లో పూయకూడదు, ఈకలకు అంటితే పిట్ట ఎగరలేదు. చీమల మందు పొడి చల్లడం, మొక్కకు పురుగుమందు కొట్టడం ఆ నెల రోజులు మానుకోవాలి. పిగిలిపిట్ట పెద్దయ్యాక పళ్లు తింటుంది కానీ, గూట్లో పిల్లలకు మొదట్లో పెట్టేది ఎక్కువగా గొంగళిపురుగులు, మిడతలు, సాలీళ్లే. మందు కొట్టిన చెట్టు మీది పురుగు నేరుగా పిల్ల నోట్లోకే పోతుంది.

కుండీలో గూడుంటే నీళ్లు మానేసేవాళ్లున్నారు. మొక్క ఎండితే పైకప్పు పోతుంది. గొట్టంతో కాకుండా చిన్న చెంబుతో అంచు పక్కన నెమ్మదిగా పొయ్యాలి, గూడు తడవకూడదు. వరండాలో గూడుంటే అక్కడి సీలింగు ఫ్యాను ఆపెయ్యాలి. కింద రెట్టల బెడద అనుకుంటే చదివేసిన మీ పత్రికే పరచొచ్చు. నిజానికి మొదటి రోజుల్లో పెద్ద పిట్టలే పిల్లల రెట్టను ముక్కున కరుచుకుపోయి దూరంగా పారేస్తాయి.

పొరపాటున కొమ్మ నరికేశారు, లోపల గూడుంది. అప్పుడేం చెయ్యాలి? కొమ్మను పారెయ్యకుండా అదే చోట, అదే ఎత్తులో పక్క కొమ్మకు తాడుతో కట్టాలి. నీడ పోయింది కాబట్టి గూటికి అడుగు పైన కొబ్బరాకు ముక్క అడ్డం కట్టాలి, రెండు పక్కలా రాకపోకలకు సందు వదలాలి. గూడు చితికిపోతే సగం కొబ్బరిచిప్ప తీసుకుని, అడుగున నీళ్లు పోవడానికి మూడు నాలుగు బెజ్జాలు పెట్టి, పాత గూటి పుల్లలనో ఎండు పీచునో దట్టంగా పరిచి, పిల్లల్ని అందులో ఉంచి, మొదటి చోటికి రెండు గజాల లోపల గట్టిగా కట్టాలి. దూది వద్దు, తడిస్తే ఆరదు, గోళ్లకు చిక్కుకుంటుంది. తర్వాత ముప్ఫై అడుగుల అవతలికి వెళ్లి కనీసం రెండు గంటలు కనిపెట్టుకుని ఉండాలి. మనం అక్కడే నిలబడితే మేత నోట పట్టుకున్న పిట్ట తీగ మీదే కూర్చుని అరుస్తుంది తప్ప దిగదు.

‘మనిషి వాసన తగిలితే తల్లి ముట్టదు’ అనే మాట పల్లెల్లోనూ పట్నాల్లోనూ గట్టిగా పాతుకుపోయింది. అది నిజం కాదు. వాసన చూసి పిల్లల్ని వదిలేసే పిట్ట కాదిది. కిందపడ్డ పిల్లను చేత్తో తీసి గూట్లో పెట్టొచ్చు. పెద్ద పిట్టలు గూడు వదిలేది మాటిమాటికీ కలత పెడితేనే.

కిందపడ్డ ప్రతి పిల్లా దిక్కులేనిది కాదు. ఒంటి నిండా ఈకలుండి, అంగుళం కూడా లేని మొండితోకతో గెంతుతూ ఉంటే అది గూడు దిగిన పిల్ల. సరిగా ఎగరడం రాకముందే గూడు వదలడం వీటి పద్ధతి. ఆ తర్వాత కూడా పెద్దవి పొదల్లో కొన్నాళ్లు మేత పెడుతూనే ఉంటాయి. దాన్ని దగ్గర్లో భుజమెత్తు కొమ్మ మీద కూర్చోబెట్టి వచ్చెయ్యాలి, అంతకుమించి పనిలేదు. ఈకలు రాని పిల్ల అయితే గూట్లోకి చేర్చాలి. చీకటి పడి గూడు దొరక్కపోతే ఆ రాత్రికి మాత్రం గాలి ఆడే పెట్టెలో, మెత్తటి గుడ్డలో ఉంచి, ఒక పక్కన గోరువెచ్చని నీళ్ల సీసా గుడ్డలో చుట్టి పెట్టాలి. ఈ పిట్టలు రాత్రిళ్లు పిల్లలకు మేత పెట్టవు. అప్పుడు దానికి కావలసింది తిండి కాదు, వెచ్చదనం. ఒళ్లు చల్లబడ్డ పిల్లకు ఏం పెట్టినా అరగదు. తెల్లవారగానే దొరికిన చోటికే తీసుకెళ్లాలి. నోట్లో నీళ్లు పొయ్యడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. నాలుక మొదట్లోనే శ్వాసనాళం తెరుచుకుని ఉంటుంది, రెండు చుక్కలు చాలు ఊపిరితిత్తుల్లోకి పోవడానికి. పాలు పిట్టలకు అరగవు. పెరిగే పిల్లకు కావలసినంత మాంసకృత్తులు, సున్నం మెతుకుల్లో లేవు. పిల్లి నోట పడి బయటపడ్డదాన్ని గాయం పైకి కనపడకపోయినా అదే రోజు పశువైద్యుడికి చూపించాలి.

గూట్లో ఒక గుడ్డు రంగూ సైజూ తేడాగా ఉందని తీసి పారేసేవాళ్లకూ ఒక మాట. వానకారు కోకిల ఒకటుంది, చాతకమని కవులు ఊరికే పొగిడేది, వానచినుకు తప్ప తాగదంటారే, అదే. అది పిగిలిపిట్ట గూట్లోనూ గుడ్డు పెట్టిపోతుంది. ఆ రెండు పిట్టల మధ్య న్యాయం చెప్పడం మన పని కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో అడవి పక్షి గుడ్డు పాడుచెయ్యడం, గూడు కలత పెట్టడం వేట కిందికే వస్తాయి, గుడ్డు ఈ రెండిట్లో ఏ పిట్టదైనా సరే.

జామ, ద్రాక్ష రైతులకు ఈ పిట్ట మీద కోపం ఉంది, అందులో న్యాయమూ ఉంది. 1903 ప్రాంతంలో మన దేశం నుంచి ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన కూలీలతో పాటు అక్కడికి చేరి, ఆ దీవుల్లో పళ్లతోటలకు తలనొప్పి అయింది. లోకంలో వంద చెడ్డ చొరబాటు జీవుల, అంటే పరాయి చోట చేరి అక్కడ చేటు చేసేవాటి, జాబితాలో దీని పేరుంది. కానీ ఇది మన ఊరిది, మన మర్రి, వేప, జువ్వి విత్తనాలను చల్లేది. తోటకు వల కట్టండి, బిగించి కట్టండి. వదులుగా వేలాడే వలలో పిట్టలు చిక్కుకుని చస్తాయి.

ఇక అడగాల్సినవి రెండు. కరెంటు తీగల కింద కొమ్మల నరుకుడు వానల ముందు ఆపలేరని తెలుసు. కానీ ఇళ్లలో, పార్కుల్లో కంచె కత్తిరింపులకు ఆ తొందర లేదు. అవి నవంబరు నుంచి జనవరి మధ్య చేస్తే గూళ్ల కాలం తప్పిపోతుంది. తప్పనిసరైతే ముందు రోజు ఉదయం పావుగంట పొదను గమనించండి. పుల్ల గానీ పురుగు గానీ నోట పట్టుకుని ఒకే చోటికి పదేపదే వెళ్లే పిట్ట కనిపిస్తే ఆ మూల వదిలెయ్యండి. రెండోది మీకే. ఈసారి అట్టపెట్టెలో పిట్టపిల్లల ఫోటో వస్తే, అచ్చు వెయ్యకముందు పంపినవారికి ఫోను చేసి వాటిని దొరికిన చెట్టు దగ్గరికే చేర్చమని చెప్పండి. అప్పటికి ఒక రోజే గడిచి ఉంటే, పెద్ద పిట్టలు ఇంకా ఆ చుట్టుపక్కల వెతుకుతూ ఉండొచ్చు.

ఇట్లు,
కొందరు పక్షి పరిశీలకులు,
రాజమహేంద్రవరం