నాలుగు నెలలకే విరిగిన జిర్కోనియా బ్రిడ్జి: డెంటల్ ల్యాబ్‌కు ఫిర్యాదు లేఖ

తెనాలి,
ఆగస్టు 11, 2025.

క్వాలిటీ విభాగం ఇన్‌ఛార్జి గారికి,

విషయం: 34 నుంచి 37 దాకా (కింది దవడలో ఎడమ వైపు పళ్ళ నంబర్లు) చేసిన నాలుగు పళ్ళ జిర్కోనియా (తెల్లటి గట్టి సెరామిక్) బ్రిడ్జి విరగడం, క్యాపుల అంచుల్లో, బైట్‌లో (పై, కింది పళ్ళు కలిసే తీరు), పాంటిక్ (లేని పంటి చోట బ్రిడ్జిలో ఉండే కృత్రిమ పన్ను) ఆకారంలో పదేపదే వస్తున్న లోపాలు.

నమస్కారం.

మా క్లినిక్ కోసం మీ ల్యాబ్ మార్చిలో చేసిచ్చిన బ్రిడ్జి, సిమెంట్ చేసిన నాలుగో నెలలో 35, 36 మధ్య రెండు ముక్కలైంది. మీ ప్రతినిధికి ఫోన్ చేస్తే "పంపించండి డాక్టరు గారూ, ఫ్రీగా మళ్ళీ చేసిస్తాం" అన్నారు. మా అభ్యంతరమంతా ఆ మాట మీదే. ఎందుకు విరిగిందో తేల్చకుండా అదే డిజైన్‌తో ఇంకోటి చేస్తే అది కూడా అక్కడే విరుగుతుంది. పైగా మళ్ళీ చేయడానికి మీకయ్యే ఖర్చు బ్లాంక్‌లో (బ్రిడ్జిని చెక్కే జిర్కోనియా దిమ్మ) కొంత ముక్క, ఫర్నేసులో ఒక రాత్రి. రోగి పోగొట్టుకునేది మాత్రం సొంత పన్ను.

సిమెంట్ అయిన జిర్కోనియాను లాగితే రాదు, కోసి తీయాల్సిందే. ముతక డైమండ్ బర్ పెట్టి, నీళ్ళు ధారగా వదిలినా పన్ను వేడెక్కుతుంది. రెజిన్ సిమెంట్‌కీ డెంటిన్‌కీ (ఎనామెల్ కింద ఉండే పంటి పొర) రంగులో తేడా తెలియని చోట బర్ పన్నులోకి దిగుతుంది. ఈ కేసులో 34 రూట్ కెనాల్ చేయని, ప్రాణమున్న పన్ను. ఒకసారి కోసి తీశాక అంచు మళ్ళీ సరిచేయాలి, అంటే ఇంకొంత పన్ను అరగాలి. ఇదే ఇంకోసారి జరిగితే దానికి రూట్ కెనాల్ చేయాల్సి రావచ్చు. 'ఫ్రీ' అన్న మాటలో ఈ లెక్క ఎక్కడా లేదు.

విరిగిన ముక్కలను శుభ్రం చేసి లూప్స్ (భూతద్దాల కళ్ళజోడు) పెట్టుకుని చూశాం. 35, 36 కలిసే చోట కింది వైపు, చిగురుకేసి ఉండే ముఖం మీద, వెంట్రుక మందాన తిన్నటి గీత ఒకటి ఉంది. పగులు మొదలైంది సరిగ్గా ఆ గీత దగ్గరే. అక్కడి నుంచి పైకి విసనకర్రలా విచ్చుకుంది. పళ్ళు విడివిడిగా కనిపించాలని, సింటరింగ్ (ఫర్నేసులో కాల్చి గట్టిపరచడం) అయ్యాక సన్నటి డైమండ్ డిస్క్‌తో సందు కోసినప్పుడు పడే గాటు ఇది. నమిలేటప్పుడు బ్రిడ్జి నడుమ కిందికి వంగాలని చూస్తుంది. అప్పుడు పై ముఖం నొక్కుకుంటుంది, కింది ముఖం సాగుతుంది. సెరామిక్ నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటుంది గానీ సాగుడును ఓర్చుకోదు. సాగే ముఖం మీదే గాటు పెడితే పగులుకు దారి తీసిపెట్టినట్టే. ఆ సందులను సింటరింగ్‌కు ముందే, సుద్దలా మెత్తగా ఉన్నప్పుడే, రబ్బరు పాయింట్‌తో గుండ్రంగా తీర్చాలి. ఫర్నేసు నుంచి బయటికొచ్చాక కనెక్టర్ (బ్రిడ్జిలో రెండు పళ్ళను కలిపే భాగం) దగ్గర డిస్క్ పెట్టకూడదు. ఈ సంగతి మీ టెక్నీషియన్లకు తెలిసే ఉంటుంది. తొందరలో జరిగిపోయిందని మా అభిప్రాయం.

కనెక్టర్ కొలతలు కూడా తీశాం. విరిగిన చోట ఎత్తు 2.7 మి.మీ., వెడల్పు 2.5 మి.మీ. ఎంత ఉదారంగా లెక్కేసినా 7 చదరపు మి.మీ. దాటదు. అండాకారం కాబట్టి నిజానికి 5 పైచిలుకే. వెనక పళ్ళలో బ్రిడ్జి పొడవును బట్టి 9 నుంచి 12 చదరపు మి.మీ. ఉండాలని జిర్కోనియా తయారీదారులే చెబుతారు. రెండు పాంటిక్‌లు కలిసే నడిమి కనెక్టర్‌కు 12 అయినా ఉండాలి. చోటు లేక తగ్గించారా అంటే అదీ కాదు. మేం పంపిన మోడల్‌లో చిగురుకూ పై పంటికీ మధ్య 6 మి.మీ. ఖాళీ ఉంది. ఎత్తు 4, వెడల్పు 3.8 పెట్టుకున్నా దాదాపు 12 వచ్చేది. అన్నిటికన్నా ముఖ్యం ఎత్తు. వెడల్పు రెట్టింపు చేస్తే బలం రెట్టింపవుతుంది, ఎత్తు రెట్టింపు చేస్తే నాలుగింతలవుతుంది. 2.7ను 4 చేసి ఉంటే ఆ ఒక్క మార్పుతోనే బలం రెట్టింపు దాటేది. డిజైన్ సాఫ్ట్‌వేర్ కనెక్టర్ వైశాల్యం తక్కువైతే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను ఎవరు, ఏ కారణంతో పక్కన పెట్టారో మాకు తెలియాలి.

ఇక పదార్థం. వర్క్ ఆర్డర్ స్లిప్ మీద "3వై, హై స్ట్రెంగ్త్" అని చేత్తో రాసి, కింద గీత కూడా గీశాం. 3వై (ఇట్రియా అనే ఆక్సైడ్ 3 మోల్ శాతం కలిపిన రకం) జిర్కోనియా బలం సాధారణంగా 1000 మెగాపాస్కల్‌కు అటూ ఇటూ ఉంటుంది. ముందు పళ్ళకు వాడే పారదర్శకమైన 5వై రకంలో ఇట్రియా ఎక్కువ, బలం 500 నుంచి 700 దగ్గర ఆగిపోతుంది. నాలుగు, అంతకు మించి యూనిట్లున్న బ్రిడ్జికి ఐఎస్ఓ 6872 ప్రమాణం కనీసం 800 అడుగుతుంది. మా చేతిలో ఉన్న ముక్క చూస్తే మెడ దగ్గర రావాల్సిన ముదురు రంగు లేదు. అంచు దాకా ఒకే లేత రంగు, గాజులాంటి మెరుపు. పైపొర 5వై, అడుగు పొర 3వై ఉండే మల్టీలేయర్ బ్లాంక్ వాడి, మిల్లింగ్ ప్రోగ్రామ్‌లో బ్రిడ్జిని బాగా పైకి పెట్టారేమోనని అనుమానం. అలా పెడితే పెట్టె మీద ఎంత బలం రాసి ఉన్నా కనెక్టర్లు పడేది బలహీనమైన పొరలోనే. మా అనుమానం తప్పని రికార్డుతో చూపిస్తే ఈ అభ్యంతరం వెనక్కి తీసుకుంటాం.

రోగి మురుకులో, మటన్ బొమికలో కొరికి ఉంటారని మీ ప్రతినిధి ఇంకో కారణం చెప్పారు. ఈ జవాబు మాకు చాలా బాధ కలిగించింది. ఆ రోగికి ఎముక ఎత్తు చాలక, కింది దవడ నరం దగ్గరగా ఉండి ఇంప్లాంట్ వద్దనుకున్నాం. బ్రిడ్జి పెట్టిందే అందరిలా తినడానికి. మన ఇళ్ళల్లో జంతికలు, సకినాలు తినని నోరు ఉండదు. వాటికి తట్టుకునేలా డిజైన్ చేయడమే మన పని.

బ్రిడ్జితో పాటు వచ్చిన వారంటీ కార్డులో పదేళ్ళ హామీ ఉంది, హోలోగ్రామ్ ఉంది, బ్రాండు పేరు ఉంది. బ్లాంక్ లాట్ నంబరు మాత్రం లేదు. లాట్ నంబరు లేని కార్డుతో ఏ పదార్థం వాడారో తేల్చలేం. ఫిట్టింగ్‌కు కూడా ఆ నంబరే ఆధారం. జిర్కోనియా సింటరింగ్‌లో 20 శాతానికి పైగా కుంచించుకుపోతుంది. ఎంత పెద్దదిగా మిల్ చేయాలో చెప్పే గుణకం ఒక్కో బ్లాంక్ మీద ఒక్కోలా ముద్రించి ఉంటుంది. పాత బ్లాంక్ గుణకాన్నే కొత్తదానికీ వదిలేస్తే క్యాప్ బిగుతుగానో వదులుగానో వస్తుంది, తప్పు మాత్రం క్లినిక్ ఇచ్చిన కొలత మీదికి పోతుంది.

వదులు మాటెత్తాం కాబట్టి క్యాపుల సంగతి కూడా. జూన్, జూలైలలో వచ్చిన వాటిలో మూడు (16, 26, 46) డై (కొలత నుంచి చేసిన ఆ పంటి నమూనా) మీదే వేలితో తిప్పితే కదిలాయి. లోపలి సిమెంట్ ఖాళీ అంతటా 100 మైక్రాన్లకు పైనే పెడుతున్నట్టుంది. ఖాళీ పెంచితే క్యాప్ ఎక్కడా పట్టకుండా సులువుగా దిగుతుంది, ట్రయల్‌లో ఫిర్యాదు రాదు. కానీ అంచు దగ్గర సిమెంట్ మందంగా మిగిలి, కాలక్రమాన లాలాజలానికి కరిగి, ఆ సందులో పుచ్చు మొదలవుతుంది. అంచు నుంచి ఒక మి.మీ. మేర దాదాపు ఖాళీ లేకుండా, దాని పైన 50-60 మైక్రాన్లు పెట్టండి. 46 క్యాప్‌కు నాలుక వైపు, వెనక మూల ఎక్స్‌ప్లోరర్ (పన్ను తడిమి చూసే సన్నటి పరికరం) మొన అంచు కిందికి దూరి చిక్కుకుంటోంది. ఒప్పుకోదగ్గ గరిష్ఠ ఖాళీ 120 మైక్రాన్లని 1971 నుంచి అందరూ పట్టుకున్న గీత. ఇది దాన్ని దాటిందని ఎక్స్‌రేలో కూడా కనిపిస్తోంది.

ఇక్కడ మా వైపు లోపం కూడా చెప్పాలి. 46 ఇంప్రెషన్‌లో (పంటి అచ్చు కొలత) సరిగ్గా ఆ మూల చిన్న బుడగ ఉంది. చిగురు నుంచి రక్తం ఊరుతుండగా తీసిన కొలత అది, మేం మళ్ళీ తీసి ఉండాల్సింది. కానీ మీ దగ్గర డై మీద ఆ బుడగ గడ్డలా కనిపించే ఉంటుంది. దాన్ని చెక్కేసి, అంచు ఊహించి గీసుకుని క్యాప్ చేసేశారు. అలాంటప్పుడు పని ఆపి ఒక ఫొటో వాట్సాప్‌లో పెట్టండి. రోగిని మళ్ళీ పిలిపించడానికి మాకు రెండు రోజులు పడుతుంది, అంతే. ఊహించి గీసిన అంచు ఆ పన్ను పుచ్చే దాకా తెచ్చిపెడుతుంది.

బైట్ దాదాపు ప్రతి దవడ క్యాప్‌లోనూ ఎత్తుగానే వస్తోంది. 40 మైక్రాన్ల ఆర్టిక్యులేటింగ్ పేపర్ (కొరికితే రంగు అంటే కాగితం) పెడితే ఒక్క క్యాప్ మీదే ముద్దగా మచ్చ పడుతుంది, పక్క పళ్ళు షిమ్‌స్టాక్‌ను (పళ్ళు తాకుతున్నాయో లేదో చూసే పలుచటి రేకు) పట్టవు. మేం పంపే సిలికాన్ బైట్‌ను కత్తిరించకుండానే మోడల్ మీద పెడుతున్నారని అనుకుంటున్నాం. బైట్ ముక్క పళ్ళ గాడుల్లోకీ, చిగురు మీదికీ పాకి ఉంటే ప్లాస్టర్ మోడల్ మీద పూర్తిగా కూర్చోదు. పంటి మొనల గుర్తులు మాత్రం మిగిలేలా బ్లేడుతో కోసి పెట్టాలి. లేకపోతే నోట్లో మేం అరగదీయాల్సి వస్తుంది. ఒక మి.మీ. మందం ఉండాల్సిన చోట సగమే మిగులుతుంది, గ్లేజ్ పోతుంది. గరుకుగా మిగిలిన జిర్కోనియా ఎదుటి పంటి ఎనామెల్‌ను తినేస్తుంది. మేం మూడు దశల్లో పాలిష్ చేసే పంపుతున్నాం, కానీ పోయిన మందం పాలిష్‌తో రాదు కదా.

పక్క పంటితో కాంటాక్ట్ బిగుతైనా క్యాప్ పూర్తిగా దిగక, అంచు తెరుచుకున్నట్టే కనిపిస్తుంది. కోసి విడదీసిన డై మోడల్ మీద డై కాస్త పక్కకు జరుగుతుంది కాబట్టి అక్కడ చూస్తే సరిపోదు. కోయని రెండో మోడల్ మీద కాంటాక్ట్ సరిచూసి పంపండి.

బ్రిడ్జిలో పాంటిక్‌ల అడుగు భాగం చిగురును రెండు వైపులా గుర్రం జీనులా కమ్మేసి ఉంది. అలా ఉంటే లోపలికి ఫ్లాస్ వెళ్ళదు. అన్నం మెతుకు చేరి వాసన, చిగురు వాపు. బ్రిడ్జి తీశాక చూస్తే పాంటిక్ కింద చిగురు ఎర్రగా, అదే ఆకారంలో నొక్కుకుపోయి ఉంది. చెంప వైపు మాత్రమే తేలిగ్గా ఆనుతూ, నాలుక వైపు తెరిచి ఉండి, అడుగున ఎక్కడా గుంట లేకుండా చేయండి. షేడ్ గురించి ఒక్క మాట: ముందు పళ్ళ ఆర్డర్‌లో ఏ3 అని రాస్తే సరిపోదు, లోపలి మోడు పన్ను రంగు కూడా అడగండి. రూట్ కెనాల్ అయి నల్లబడ్డ పన్ను మీద పారదర్శకమైన క్యాప్ పెడితే బూడిద రంగే కనిపిస్తుంది.

ఇప్పుడు మేం అడిగేవి. మార్చి బ్రిడ్జికి వాడిన బ్లాంక్ లాట్ నంబరు, కనెక్టర్ కొలతలు కనిపించేలా డిజైన్ ఫైలు, బ్లాంక్‌లో బ్రిడ్జిని ఏ ఎత్తులో పెట్టారో చూపే మిల్లింగ్ స్క్రీన్, ఆ రోజు ఫర్నేసు సైకిల్ రికార్డు పది రోజుల్లో పంపండి. రంగు ద్రవంలో ముంచి ఉంటే ఎంతసేపు ఆరబెట్టారో కూడా రాయండి. తడి మీద వేగంగా వేడెక్కించినా లోపల సన్నటి పగుళ్ళు వస్తాయి. కొత్త బ్రిడ్జి డిజైన్ మేం చూసి సరేనన్నాకే మిల్ చేయండి. 46 క్యాప్ మళ్ళీ చేయడానికి కొత్త ఇంప్రెషన్ మేమే పంపుతాం, ఆ ఒక్కదానికి డబ్బు చెల్లిస్తాం. 34-37 బిల్లుతో పాటు, విరిగిన బ్రిడ్జి తొలగింపుకూ తాత్కాలిక బ్రిడ్జికీ అయిన ఖర్చు మీరు భరించాలి. రోగి దగ్గర మేం ఒక్క రూపాయి తీసుకోలేదు. మిగతా బిల్లులు ఎప్పటిలా ఐదో తేదీకి అందుతాయి.

విరిగిన ముక్కలు మా దగ్గరే భద్రంగా ఉన్నాయి, అవి కొరియర్‌లో పంపం. మీ టెక్నీషియన్ వచ్చి చూస్తానంటే ఏ గురువారమైనా మధ్యాహ్నం రెండు తర్వాత రావచ్చు; లూప్స్, కాలిపర్ సిద్ధంగా ఉంచుతాం. ముక్కల ఫొటోలు, ఎక్స్‌రే, మా ఆర్డర్ స్లిప్ నకలు ఈ లేఖకు జతచేశాం. 34, 37 మీద ఇప్పుడున్నది యాక్రిలిక్ తాత్కాలిక బ్రిడ్జి. అది ఆరు వారాలకు మించి ఆగదు.

ఇట్లు,
ప్రోస్థోడాంటిక్స్ వైద్యులు,
దంత వైద్యశాల, తెనాలి.