సింగపూర్ పచ్చదీపం మద్దిలపాలేనికి రాదా?

సంపాదకులకు,

వృద్ధుల సంరక్షణలో దేశాలు ఒకరి అనుభవం మరొకరు తెలుసుకోవాలన్న మాట తరచుగా వింటున్నాం. 2021 నుంచి 2030 వరకు ఆరోగ్యకర వార్ధక్య దశాబ్దమని ఐక్యరాజ్య సమితి ప్రకటించింది కూడా. సంతోషమే. కానీ ఆ తెలుసుకున్నది సిగ్నల్ స్తంభం దాకా, బస్సు డ్రైవరు దాకా దిగిరావాలి.

నేను సిటీ బస్సు డ్రైవరుగా రిటైరైనవాణ్ణి. విశాఖలో మద్దిలపాలెం కూడలిలో రోడ్డు దాటే ముసలివాళ్లను ఎన్నో ఏళ్లు స్టీరింగ్ వెనుక నుంచి చూశాను. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో నేనే దాటుతున్నాను. సగం దూరం వెళ్లేసరికి సిగ్నల్ మారిపోతుంది, ఆటోలు హారన్లు అందుకుంటాయి. సింగపూర్‌లో 2009 నుంచి ఒక ఏర్పాటుంది. వృద్ధులు తమ రాయితీ కార్డును స్తంభానికున్న పెట్టెకు తాకిస్తే, రోడ్డు వెడల్పును బట్టి పాదచారుల పచ్చదీపం 3 నుంచి 13 సెకన్లు ఎక్కువసేపు వెలుగుతుంది. ఆ సెకన్ల విలువ మోకాళ్లు బాగున్న ఇంజినీరుకు తట్టకపోవచ్చు.

జపాన్ 2005 నుంచి డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన దెబ్బతినే మతిమరుపు జబ్బు) గురించి మామూలు జనానికి సుమారు 90 నిమిషాల పాఠం చెబుతోంది. బ్యాంకు ఉద్యోగులు, దుకాణదారులు, బడిపిల్లలు కూడా నేర్చుకుంటారు. ఆఖరి స్టాపు వచ్చినా ఎక్కడ దిగాలో చెప్పలేక కూర్చుండిపోయే పెద్దలు మన బస్సుల్లోనూ ఉంటారు. మా శిక్షణలో క్లచ్ గురించి, డీజిల్ పొదుపు గురించి చెప్పారు గాని, అలాంటివారితో ఎలా మాట్లాడాలో ఎవరూ చెప్పలేదు.

మన దగ్గర నేర్చుకోదగ్గదీ ఉంది. నెల మొదట్లో వార్డు సచివాలయ ఉద్యోగి గుమ్మంలోకి వచ్చి 4,000 రూపాయల వృద్ధాప్య పింఛను చేతిలో పెట్టే పద్ధతిని ఏ దేశం వారికైనా ధైర్యంగా చూపవచ్చు. అదే ఉద్యోగికి జపాన్ పాఠం నేర్పి, 'ఈ నెలలో ఎక్కడైనా పడ్డారా? మందులు వేసుకుంటున్నారా?' అని అడిగి రాసుకోమంటే? అరిగిపోయిన వేలిముద్ర యంత్రంలో పడేలోపు పూర్తయ్యే పని అది.

కార్డు పెట్టెలు ఎప్పటికి వస్తాయో గాని, ఉదయం ఓపీ వేళల్లో ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు వెళ్లే దారుల్లో పాదచారుల సమయం కాస్త పెంచడానికి ఏ విదేశీ పర్యటనా అక్కరలేదు.

- విశ్రాంత బస్సు డ్రైవరు,
ఆరిలోవ, విశాఖపట్నం