దసరా ముందు పంపిన తడి బ్రికెట్ల గురించి

దసరాకు వారం ముందు మా దొడ్డబళ్లాపుర షెడ్డు నుంచి బ్రికెట్లు (పొట్టును నొక్కి చేసే ఇంధనపు దిమ్మలు) తీసుకున్న మెస్‌ల వాళ్లకు, స్వీట్లు చేసేవాళ్లకు, అద్దకం యూనిట్ల వాళ్లకు ఒక మాట. ఆ సరుకు బాగోలేదు. తప్పు నాదే.

మొదట ఫోన్ చేసింది మారతహళ్లిలో మెస్ నడిపే అక్క. "తమ్ముడూ, మూడేళ్లుగా నీ దగ్గరే కొంటున్నా, ఎప్పుడూ ఇలా లేదు. ఒకటే పొగ. సాంబారు మరగడానికి అరగంట ఎక్కువ పడుతోంది" అంది. ఆ సాయంత్రమే వెళ్లి చూశాను. బ్రికెట్‌ను నేలకేసి కొడితే టక్కున రెండు ముక్కలవ్వాలి. అది పొరలు పొరలుగా రాలిపోయింది. ఆమె వంటవాళ్లు కళ్లు తుడుచుకుంటుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

జరిగింది ఇదీ. మేము జిగురేమీ కలపం. ప్రెస్‌లో నొక్కినప్పుడు పుట్టే వేడికి పొట్టులోనే ఉండే లిగ్నిన్ అనే సహజమైన జిగురు పదార్థం మెత్తబడి, చల్లారాక అదే గట్టిగా పట్టేస్తుంది. తేమ పది, పన్నెండు శాతం దాటితే ఆవిరి లోపల చిక్కుకుని బ్రికెట్‌ను పగలగొడుతుంది. అనంతపురం వైపు నుంచి వచ్చిన రెండు లోడ్ల బుడ్డల (వేరుశనగ కాయల) పొట్టు దారిలో వానకు తడిసింది. మీటర్ పెడితే 19 చూపించింది. ఆరబెడదామంటే ఎండ లేదు, పైన పండగ ఆర్డర్ల టెన్షన్. పొడి రంపపు పొట్టు కలిపితే సర్దుకుంటుందనుకుని ప్రెస్‌కు ఎక్కించాను. ఆ లోడ్లను ఆపి, సరుకు ఆలస్యమవుతుందని మీకు చెప్పి ఉండాల్సింది.

ఆరిన బుడ్డల పొట్టు కిలోకు దాదాపు 4,000 కిలోకేలరీల వేడినిస్తుంది. కిలో నీటిని ఆవిరి చేయడానికే 600 దాకా పోతాయి. అంటే నీళ్లకూ మీరే డబ్బు కట్టారు, ఆ నీళ్లను కాచడానికీ మీరే కట్టారు.

ఆ సరుకు మిగిలి ఉంటే మా బండి వచ్చి తీసుకెళ్తుంది, బదులు పొడి సరుకు ఇస్తాం. వాడేసిన దానికి వచ్చే బిల్లులో 20 శాతం తగ్గిస్తాను. ఇకపై ప్రతి లోడ్ తేమ ఎంతో చలానా మీదే రాసి పంపుతాం. 12 దాటితే దించుకోకండి.

ధర మాత్రం కిలోకు రూపాయి పెరుగుతుంది. థర్మల్ విద్యుత్ కేంద్రాలు బొగ్గుతోపాటు బయోమాస్ (పంట వ్యర్థాల లాంటివి) కూడా కాల్చాలని కేంద్ర ప్రభుత్వం 2021లో విధానం తెచ్చాక పొట్టుకు పోటీ పెరిగింది. నిన్నటిదాకా గుట్టలుగా పడి ఉన్నదానికి మిల్లుల దగ్గర ఇప్పుడు బేరం ఆడాల్సి వస్తోంది. రైతుకూ అందులో నాలుగు డబ్బులు ముడితే నాకు సంతోషమే.

కొందరు వరి ఊక కలిపి చవగ్గా ఇవ్వమంటున్నారు. ఇవ్వను. ఊకలో అయిదో వంతు దాకా బూడిదే, అందులో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. మీ పొయ్యిలోని బూడిద రోజూ రెండుసార్లు ఎత్తిపోసుకోవాలి.

ఇంకొకటి, సంచులు సిమెంటు నేల మీద పెట్టకండి. కింద చెక్కలు వేయండి, గోడకు జానెడు ఎడం ఉంచండి. ఒక్కసారి నీళ్లు పడితే ఎంత మంచి బ్రికెట్ అయినా ఉబ్బి పొడైపోతుంది.

కొత్త బుడ్డలు కళ్లాల్లోకి వస్తున్నాయి. ఆ పొట్టు ఆరి చేతికొచ్చేదాకా కొత్త ఆర్డర్లు తీసుకోవడం లేదు. ఉన్న పొడి సరుకు ముందు తడి లోడ్ వెళ్లిన వాళ్లకే.