మాత్ర ఇప్పుడే మొదలుపెట్టమని ఎందుకంటున్నానంటే

ప్రొద్దుటూరు

చిట్టితల్లికి నాయన దీవెనలు.

నువ్వు పంపిన కొలెస్ట్రాల్ రిపోర్టు చూశాను. ఫోన్లో మొదలుపెడితే "సరే నాయనా, చూస్తాలే" అంటావు, నా మాట అక్కడికే ఆగిపోతుంది. అందుకే కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర ఎందుకు మొదలుపెట్టాలో రాస్తున్నాను. పని లేనప్పుడు కూర్చుని మొత్తం చదువు.

ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 218 ఉంది. ట్రైగ్లిజరైడ్లు అనే ఇంకో రకం కొవ్వు మామూలుగా ఉంది, షుగర్ లేదు. థైరాయిడ్ తగ్గినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది కాబట్టి నేను ముందు ఆ అంకే చూశాను, అదీ బాగానే ఉంది. నీకు ఇరవై ఆరేళ్లు. సన్నగా ఉంటావు, పొద్దున్నే పరుగెత్తుతావు. ఇన్ని ఉండి కూడా 218 వచ్చిందంటే తిండి వల్ల కాదమ్మా, అది మా వైపు నుంచి వచ్చింది. నూనె మానేసి ఓట్స్ తింటే మూడు నెలల్లో దిగిపోతుందని ఆఫీసులో ఎవరో చెప్పారన్నావు. తిండి చూసుకోవడం మంచిదే, కారం దోశ మీద వెన్న ముద్ద తగ్గించుకో. కానీ కొలెస్ట్రాల్ ఎక్కువ భాగం మన ఒంట్లోనే తయారవుతుంది. ఎంత కట్టడిగా తిన్నా ఎల్‌డీఎల్ సాధారణంగా పది పదిహేను శాతానికి మించి తగ్గదు. నీ 218లో అంత శాతం తీసేసినా 185 మిగులుతుంది. నీకు కావలసింది 100 లోపు.

మీ చిన్నాయన పోయినప్పుడు నువ్వు రెండో తరగతి. ఆయనకు 38 ఏళ్లు. బీడీ లేదు, మందు లేదు, పొలం పని చేసిన గట్టి ఒళ్లు. ఎదలో పట్టేసినట్టుందని అరుగు మీద కూర్చున్నాడు, కడప చేరేలోపలే అయిపోయింది. అప్పుల టెన్షన్ అని కొందరు, దిష్టి అని కొందరు అన్నారు. ఆయన మడమల వెనక, చెప్పు పట్టీ తగిలేచోట, పిక్క కండను మడమకు కలిపే తాడు లాంటి లావు నరం మీద చిక్కుడు గింజంత బుడిపెలు ఉండేవి. రెండు కాళ్లకూ. రాయిలా గట్టిగా ఉండేవి, నొప్పి ఉండేది కాదు. చెప్పు కరిచి కాయ కాసిందని మీ జేజి రాత్రిళ్లు ఆముదం రాసేది. కంటి నల్లగుడ్డు చుట్టూ సన్నగా తెల్లటి గీత కూడా ఉండేది. ముసలివాళ్లకు ఆ గీత మామూలే, కానీ నలభై రాకముందే కనబడితే కొలెస్ట్రాల్ పరీక్ష చేయించాలి. ఆ బుడిపెలు కూడా నరంలో పేరుకున్న కొలెస్ట్రాలే. ఆయన పోయాక డాక్టరు మా అందరికీ రక్త పరీక్షలు రాశాడు. నాకు ఉంది, మీ అత్తకు ఉంది, పెదనాయనకు లేదు.

దీన్ని ఫెమిలియల్ హైపర్‌కొలెస్టరోలీమియా అంటారు. సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. మన ప్రొద్దుటూరులోనే వందల మంది ఉంటారు, వాళ్లలో ఎక్కువ మందికి ఆ సంగతే తెలియదు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం.

ఇది ఎలా జరుగుతుందో అమెరికాలో డల్లాస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లు 1970లలో కనిపెట్టారు. చిన్న వయసులోనే గుండెపోటు తెచ్చే ఈ జబ్బు ఉన్నవాళ్ల చర్మం నుంచి కణాలు తీసి పెంచి చూశారు. మామూలు మనిషి కణాలు ఎల్‌డీఎల్‌ను పట్టుకుని లోపలికి తీసుకున్నాయి, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ల కణాలు తీసుకోలేకపోయాయి. పట్టుకోవడానికి కణం పైన ఉండాల్సిన రిసెప్టర్ లోపించింది. మార్కెట్ యార్డులో హమాలీ లారీలోంచి మూట దించి గోడౌన్లో వేసి మళ్లీ లారీ దగ్గరికి వస్తాడు కదా, కాలేయంలో ఈ రిసెప్టర్ చేసే పని అదే. ఎల్‌డీఎల్‌ను లోపల వదిలి మళ్లీ పైకొస్తుంది. ఈ రిసెప్టర్‌ను తయారుచేసే జీన్ అమ్మ నుంచి ఒకటి, నాయన నుంచి ఒకటి వస్తుంది. మనకు ఆ రెండిట్లో ఒకటి చెడింది కాబట్టి హమాలీలు సగం మందే. దించని సరుకు ఏళ్ల తరబడి రక్తనాళాల గోడల్లో చేరుతుంది. ఈ పనికి వాళ్లిద్దరికీ 1985లో నోబెల్ ఇచ్చారు. మన మాత్రకు మూలం మాత్రం జపాన్. అకిరా ఎండో వేల రకాల బూజులు పరీక్షించి, ఒక బూజులో కొలెస్ట్రాల్ తయారీని ఆపే పదార్థం పట్టుకున్నాడు. కాలేయానికి సొంత కొలెస్ట్రాల్ తక్కువైతే రక్తంలోంచి లాక్కోవడానికి అదే రిసెప్టర్లను పెంచుకుంటుంది. నేను మందుల షాపులో రోజూ ఇచ్చే అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ అన్నీ ఆ దారిలో వచ్చినవే.

ఇప్పుడు నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది హెలెన్ హాబ్స్ గురించి. ఈమె ఆ బ్రౌన్, గోల్డ్‌స్టీన్ దగ్గరే పరిశోధన నేర్చుకున్న డాక్టరు. పీసీఎస్‌కే9 అనే జీన్ అతిగా పనిచేస్తే కొలెస్ట్రాల్ విపరీతంగా పెరుగుతుందని 2003లో ఫ్రాన్స్ కుటుంబాల్లో బయటపడింది. అది తయారుచేసే ప్రొటీన్ పని చేస్తున్న హమాలీని మళ్లీ లారీ దగ్గరికి రానివ్వకుండా చేస్తుంది. హాబ్స్, ఆమెతో పనిచేసే జోనథన్ కోహెన్ దీన్ని తిరగేసి ఆలోచించారు. అతిగా పనిచేస్తే పెరిగేది, అసలు పనిచేయకపోతే తగ్గాలి కదా అని, డల్లాస్ నగరంలో ఎల్‌డీఎల్ బాగా తక్కువున్న మామూలు జనంలో వెతికారు. 2005లో దొరికింది: అక్కడి నల్లజాతి వాళ్లలో వందకు ఇద్దరికి ఆ జీన్ చెడిపోయి ఉంది. రెండు జీన్లూ చెడిపోయిన ఒకామె ఎల్‌డీఎల్ 14. ఆమె ఏరోబిక్స్ నేర్పుతుంది, పిల్లల తల్లి, ఏ జబ్బూ లేదు. ఎల్‌డీఎల్ మరీ తగ్గితే మెదడుకు ఏమవుతుందో అని మీ అమ్మ నన్ను అడుగుతూ ఉంటుంది, ఆమెకు ఈ సంగతి చెప్పాకే కుదుటపడింది.

2006లో వాళ్లు ఇచ్చిన లెక్క చూడు. ఒక జీన్ చెడినవాళ్లకు ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ. పదిహేనేళ్లు గమనిస్తే గుండెజబ్బు మిగతావాళ్లకంటే 88 శాతం తక్కువ. వాళ్లలో బీపీ ఉన్నవాళ్లు, సిగరెట్ తాగేవాళ్లు చాలామందే ఉన్నారు, అయినా అంతే. మామూలుగా పెద్దవయసులో మొదలుపెట్టి ఐదేళ్లు మాత్రలు వాడి దాదాపు అంతే ఎల్‌డీఎల్ తగ్గించుకుంటే గుండెజబ్బు తగ్గేది సుమారు నాలుగో వంతు. తేడా అంతా కాలంలో ఉంది. వాళ్లకు పుట్టినప్పటి నుంచీ తక్కువ. మనకు పుట్టినప్పటి నుంచీ ఎక్కువ. నీ రక్తనాళాలు ఇరవై ఆరేళ్లుగా ఆ భారం మోస్తున్నాయి. నలభైకి చూద్దాంలే అంటే ఇంకో పద్నాలుగేళ్ల భారం కలుస్తుంది, అది తర్వాత ఏ మాత్రతోనూ పూర్తిగా దిగదు. అందుకే ఈ జబ్బున్న పిల్లలకు ఎనిమిది పదేళ్ల వయసులోనే మాత్ర మొదలుపెడుతున్నారు.

హాబ్స్ పని మందుగా కూడా మారింది. పీసీఎస్‌కే9ను అడ్డుకునే ఇంజెక్షన్లు 2015 నుంచి ఉన్నాయి, ఏడాదికి రెండుసార్లు వేసేది కూడా తర్వాత వచ్చింది. ఖరీదైనవి. నీకు బహుశా మాత్రతోనే సరిపోతుంది, అవసరమైతే ఎజెటిమైబ్ అనే ఇంకో మాత్ర కలుపుతారు. కండరాల నొప్పి ఎక్కువగా వస్తే డాక్టరుకు చెప్పు, నీ అంతట నువ్వు ఆపొద్దు. మా షాపుకొచ్చే వాళ్లలో చాలామంది రిపోర్టు నార్మల్ వచ్చిందని మాత్ర మానేస్తారు. మాత్ర వేసుకుంటున్నందుకే అది నార్మల్ అయింది. నేను మానలేదు, నాది ఇప్పుడు 80 దగ్గర ఉంది. రేపు పెళ్లయి బిడ్డ కావాలనుకున్నప్పుడు మాత్రం ముందే డాక్టరుకు చెప్పాలి. సాధారణంగా ఆ సమయానికి ఆపమంటారు, పాలు మాన్పించాక మళ్లీ మొదలుపెడతారు.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. మీ జేజి, అత్త మళ్లీ బావ సంబంధం ఎత్తారు. బావ మంచి పిల్లోడు, నీకు ఇష్టమైతే నేను కాదనను. కానీ వాడు ఇంతవరకు పరీక్ష చేయించుకోలేదు. మీ అత్తకు ఉంది కాబట్టి వాడికి సగం అవకాశం. ఇద్దరికీ ఉండి పెళ్లయితే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగో వంతు అవకాశంతో రెండు చెడిన జీన్లూ వస్తాయి. అలాంటి బిడ్డకు ఎల్‌డీఎల్ 500 కూడా దాటొచ్చు, ఇరవై ఏళ్ల లోపే గుండెపోటు రావచ్చు. మామూలు మాత్రలు సరిగా పనిచేయవు, డయాలసిస్ లాగా రక్తాన్ని వారానికో రెండు వారాలకో వడకట్టాల్సి రావచ్చు. మన వైపు మేనరికాలు ఎక్కువ, ఈ పరీక్ష చేయించేవాళ్లు తక్కువ. రక్తంలో కొవ్వులు చూసే లిపిడ్ ప్రొఫైల్ పరీక్షకు అయ్యేది కొన్ని వందల రూపాయలు. ముహూర్తాల మాట రాకముందే బావ అది చేయించుకోవాలి. వాడికి లేకపోతే ఈ భయమే లేదు. ఉంటే వాడికీ ముందే తెలిసి మంచి జరుగుతుంది, సంబంధం సంగతి మీరిద్దరూ జెనెటిక్స్ డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి. మీ జేజికి కోపం వస్తే నేను చూసుకుంటాను.

శనివారం కార్డియాలజిస్టు దగ్గరికి పో. చిన్నాయన 38కే గుండెపోటుతో పోయాడని, నాకూ అత్తకూ ఉందని మొదటే చెప్పు, అది తెలిస్తేనే డాక్టరు నీ అంకెను సరిగా చూస్తాడు. లైపోప్రొటీన్ ఏ అనే ఇంకో రకం కొవ్వుకు పరీక్ష కూడా ఒకసారి చేయించు, అదీ వంశంలో వచ్చేదే. తమ్ముడికి దసరా సెలవుల్లో ఇక్కడే రక్తం తీయిస్తాను. బావకు నువ్వే ఫోన్ చేస్తావా, నేను చెప్పాలా అన్నది మాత్రం రాయి.

నాయన