రోజుకి 300 స్వింగులు వద్దండీ

ఎడిటర్ గారికి నమస్తే,

పోయిన వారం మీ స్పోర్ట్స్ పేజీలో పిల్లలు ఇంటి దగ్గర ఒక్కళ్ళే సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆటే) స్వింగ్, అంటే బ్యాట్ తిప్పి కొట్టడం, ఎలా ప్రాక్టీస్ చేసుకోవాలో రాశారు, చాలా సంతోషం అండీ, ఈ ఆట గురించి రాసేవాళ్ళే తక్కువ కాబట్టి నేనూ మా అమ్మాయీ పేపర్ లాక్కుని మరీ చదివాం. కానీ అందులో రోజుకి 300 స్వింగులు కొట్టాలి అని ఒక ముక్క ఉంది చూశారా, అది చూసి ఉండబట్టలేక రాస్తున్నా, ఎందుకంటే సరిగ్గా ఆ పనే చేసి మేం ఒక సీజన్ మొత్తం పోగొట్టుకున్నాం.

అప్పుడు మా అమ్మాయికి 11 ఏళ్ళు. బంతిని పైన పెట్టి కొట్టే టీ స్టాండ్ ఒకటి తెచ్చాం, ఎదురుగా పాత దుప్పటి వేలాడదీశాం, అమ్మాయి రోజూ లెక్కపెట్టుకుంటూ కొట్టేది. వంద దాటేసరికి చేతులు పీకేవి, బ్యాట్ బరువుకి చేతులు భుజం దగ్గరనుంచి పొట్ట దాకా జారిపోయేవి, అయినా లెక్క పూర్తవ్వాలి కదా అని కొట్టేది. నేనేమో లోపల కూర్చుని టప్ టప్ అని చప్పుడు వింటూ ఆహా ఎంత పట్టుదల అని మురిసిపోయేవాణ్ణి. నెల తిరిగేసరికి ఆ జారిపోయిన చేతులే దాని స్వింగ్ అయిపోయాయి. మ్యాచ్‌లో కొట్టిన ప్రతిదీ గాల్లోకి లేచి దగ్గర్లోనే, ఇన్‌ఫీల్డ్‌లోనే ఎవరో ఒకరి గ్లవ్‌లో పడేది. కోచ్ రెండు బంతులు చూసి అడిగిన మొదటి మాట, "ఇంట్లో చేసేటప్పుడు పక్కన ఎవరుంటున్నారు?" అని. ఎవరూ ఉండట్లేదు, అదే కదా గొడవంతా.

అప్పట్నుంచీ మేం ఒకటే చూసుకుంటాం. పిల్ల ఒక్కతే చేసే డ్రిల్ ఏదైనా సరే, తప్పు కొట్టిన ఆ క్షణమే అది తప్పని దానికి తెలియాలి, పక్కన మనిషి లేడు కాబట్టి ఆ చెప్పే పని కంచె చెయ్యాలి, స్టాండ్ చెయ్యాలి, ఆ దుప్పటి చెయ్యాలి. అలా ఏదీ చెప్పని డ్రిల్‌ని మేం పక్కన పెట్టేశాం.

నాకు అన్నిటికంటే నచ్చింది కంచె డ్రిల్. జాలీ కంచె ఉంటే చాలు, లేకపోతే గోడ అయినా పర్లేదు. కంచెకి ఎదురుగా నిలబడి బ్యాట్ పిడి చివర బొడ్డుకి ఆనించి రెండో చివర కంచెకి తగిలేంత దూరం కొలుచుకోవాలి, అక్కడే స్టాన్స్ తీసుకుని కంచె వెంబడే స్వింగ్ చెయ్యాలి, బంతి లేకుండా, ముందు బాగా నెమ్మదిగా. చేతులు ఒంటికి దగ్గరగా వస్తే బ్యాట్ గాల్లో తిరిగి వెళ్ళిపోతుంది, చేతులు చాచేసి దూరంగా తిప్పితే జాలీకి తగిలి ఠంగ్ మంటుంది. మొదటి రోజు మా పిల్ల పది కొడితే ఎనిమిది ఠంగ్‌లు, పదీ అయ్యాక బ్యాట్ కింద పడేసి కంచె మీద అలిగింది. నాలుగో రోజుకి పదికి రెండు. ఈ మధ్యలో నేను దానికి చెప్పింది ఒక్క ముక్క కూడా లేదు. (దీనికి పాత బ్యాటే వాడండి, మేం కొత్తదానికి గీతలు పడ్డాక తెలుసుకున్నాం.)

ఇంత రాద్ధాంతం ఎందుకంటారా, ఆడవాళ్ళ ఫాస్ట్‌పిచ్‌లో (బంతి వేగంగా వేసే సాఫ్ట్‌బాల్) పిచర్, అంటే బంతి వేసే అమ్మాయి, నిలబడేది 43 అడుగుల దూరంలో, బంతి గంటకి 60 మైళ్ళ వేగంతో వస్తే ప్లేట్ (కొట్టేవాళ్ళ ముందు నేలమీద ఉండే పలక) చేరడానికి అర సెకను కూడా పట్టదు, అందులోనే చూడాలి, కొట్టాలో వద్దో తేల్చుకోవాలి, కొట్టాలి. చిన్నపిల్లలకి దూరం తక్కువే వేగమూ తక్కువే అనుకోండి, కానీ ఊరంతా తిరిగొచ్చే స్వింగ్‌కి ఏ వయసులోనూ టైమ్ ఉండదు. పైగా క్రికెట్ బ్యాట్‌లా ఇక్కడ చదునైన వైపంటూ లేదు, బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, బ్యాట్ లావు ఎంత ఎక్కువన్నా రెండుంపావు అంగుళాలు, గుండ్రటిదాంతో గుండ్రటిదాన్ని కొట్టడం, అర అంగుళం కిందకి తగిలినా బంతి పైకి లేస్తుంది.

ఇక టీ స్టాండ్. దీని దగ్గర జరిగే పెద్ద తప్పు స్టాండ్ ఎక్కడ పెట్టాలో తెలియకపోవడం. చాలామంది పిల్లలు ప్లేట్ మధ్యలో పెట్టేసి బంతి సరిగ్గా పొట్టకి ఎదురుగా ఉండేలా నిలబడతారు, అలా కొడితే చేతులకి జాగా చాలక ముడుచుకుని కొట్టాల్సి వస్తుంది. నడిమధ్య బంతి అయితే ముందు కాలు అడుగు వేశాక ఆ కాలికి ఎదురుగా ఉండాలి, లోపలి బంతి (ఒంటికి దగ్గరగా వచ్చేది) అయితే ఇంకాస్త ముందుకి, బయటి బంతి (ఒంటికి దూరంగా వెళ్ళేది) అయితే కాస్త వెనక్కి. ప్లేట్ లేకపోతే 17 అంగుళాల వెడల్పు అట్టముక్క కత్తిరించి నేలమీద పెట్టుకుంటే చాలు, ప్లేట్ వెడల్పు అంతే. మేం రోజూ మూడు చోట్లా పెట్టి కొట్టిస్తాం, ఒక్క చోటే పెట్టి కొట్టే పిల్లకి ఆ ఒక్క బంతే వస్తుంది మరి.

దుప్పటిని ఏడెనిమిది అడుగుల దూరంలో కట్టి బంతి ఎత్తులోనే ఒక గుర్తు పెట్టండి. బంతి ఆ గుర్తుకో జానెడు పైకో తగిలితే లైన్ డ్రైవ్ (తిన్నగా దూసుకెళ్ళే దెబ్బ), దుప్పటి పై అంచుకి తగిలితే క్యాచ్, నేలకి కొడితే గ్రౌండర్ (నేలమీద దొర్లే బంతి), పిల్ల తనంతట తనే చూసుకుంటుంది. చేతులు జారే అలవాటున్న పిల్లలకి స్టాండ్‌ని ఛాతీ ఎత్తుకి లేపండి. చేతులు కిందకి జారాయా, బ్యాట్ బంతికి కాకుండా కింద రబ్బరు గొట్టానికి తగిలి స్టాండ్ మొత్తం పడిపోతుంది, దాన్ని మళ్ళీ లేపి పెట్టుకోవడమే వాళ్ళకి పనిష్మెంట్. మా అమ్మాయి చేతులు మళ్ళీ పైకి వచ్చింది దీనివల్లే, మూడు వారాలు పట్టింది.

తల సంగతి కూడా స్టాండే చెప్తుంది. బంతి వెళ్ళిపోయాక కూడా ఒక్క క్షణం స్టాండ్ పైనున్న ఆ ఖాళీ రబ్బరు అంచునే చూడాలి, అది కనబడలేదంటే తల అప్పటికే ఎగిరిపోయినట్టు, బంతి ఎంత దూరం పోయిందో చూద్దామన్న ఆత్రంలో పిల్లలందరూ చేసే పనే ఇది.

అడుగు వేసి ఆగే డ్రిల్ ఇంకోటి ఉంది, ముందు కాలు వేసి రెండు అంకెలు లెక్కపెట్టి అప్పుడు కొట్టడం. ఆ ఆగిన రెండు అంకెల్లో తూలితే బరువంతా ముందుకి పడిపోయిందన్నమాట, ఎవరూ చెప్పక్కర్లేదు. ఒంటి చేత్తో కొట్టే డ్రిల్ అని అందరూ చెప్తారు గానీ చిన్నపిల్లల మణికట్టుకి అంత బలం ఉండదు, బాగా తేలికైన బ్యాట్‌ని సగందాకా పైకి పట్టుకుని ఒక్కో చేత్తో ఐదేసి చాలు. బంతిని తనే పైకి ఎగరేసుకుని కొట్టడం అంటే పిల్లలకి సరదా, నాకు మాత్రం దాంట్లో ఉపయోగం కనబడలేదు, ఫాస్ట్‌పిచ్‌లో అలా పై నుంచి కిందకి పడే బంతి ఏ పిచరూ వెయ్యదు కదా.

లెక్క అడిగితే మావి ఇప్పుడు 40, పదేసి చొప్పున, ప్రతి పదికీ మధ్య బంతులు ఏరుకోవడమే రెస్టు, వారానికి నాలుగు రోజులు. చేతులు జారడం మొదలైతే 27 దగ్గరైనా ఆపేస్తాం. చివరి ఐదూ ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి పక్కనుంచి తీసుకుంటుంది, తనే చూసుకుంటుంది, నన్ను పిలిస్తేనే వెళ్తాను, పిలవకుండా వెళ్తే ఏమవుతుందో ఆడపిల్లల తండ్రులకి నేను చెప్పక్కర్లేదు. ఒక్క మాట, బ్యాట్ తిరిగే దూరంలో తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ లేకుండా చూసుకోండి, గోడకేసి కొట్టేట్టయితే ఆటలో వాడే గట్టి బంతి వద్దు, సాక్సులు ఉండలా చుట్టి చేసిన బంతి వాడండి, గట్టి బంతి గోడకి తగిలి తిరిగొచ్చేది మొహం మీదకే.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ మళ్ళీ ఉంది కాబట్టి మీరు ఇంకా రాస్తారనే ఆశ. అన్నట్టు ఆ వ్యాసం పక్కన వేసిన ఫొటోలో కూడా స్టాండ్ పాప పొట్టకి ఎదురుగానే ఉంది, మా అమ్మాయి పేపర్ తియ్యగానే మొదట చూపించింది అదే, ఈసారి వేసేటప్పుడు స్టాండ్‌ని ఒక అడుగు ముందుకి జరిపించి తీయించండి.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌బాల్ పిల్ల నాన్న